పారవేసిన తునుకలు: వాయిసీ దినచర్యలను గూర్చిన విమర్శ

ఒక విద్వాంసుడు లోకమునకు ముద్రించి యిచ్చిన గ్రంథము వేఱు. తనకొఱకు వ్రాసికొని పెట్టెలో నుంచుకొనిన కాగితము వేఱు. గ్రంథములో నిర్ణయములుండును, కాగితములలో నిర్ణయమునకు ముందు మనస్సు పడిన తడబాటుండును. గ్రంథము చదువరి నుద్దేశించి మాటాడును. దినచర్య యెవరినుద్దేశించియు మాటాడదు. మన విమర్శకులు చిరకాలమునుండి మొదటిదానినే విమర్శకు పాత్రమని యెంచి, రెండవదానిని ఉపేక్షించుచు వచ్చిరి. కవి గతించిన పిదప ఆయన కావ్యములను పట్టుబట్టలో చుట్టి భద్రపఱచిన గృహస్థులే, ఆయన జాబులను, లెక్కల పుస్తకములను, కొట్టివేతలతో నిండిన తొలిప్రతులను పుష్కరస్నానమునకు పోయినప్పుడు కృష్ణలోనో తుంగభద్రలోనో విడిచివచ్చుట మన ప్రాంతమున వింత కాదు.

ఈ వ్యాసమున మేము విమర్శకు గైకొనిన వ్రాతలు కవివి కావు. రెండువందల సంవత్సరముల క్రిందట తెలుగునేలపై తిరిగి, ఱాళ్లను చూచి, చూచినది చూచినట్లు వ్రాసికొనిన హెన్రీ వెస్లీ వాయిసీ అను ఆంగ్లేయ వైద్యునివి. భారతదేశమున భూగర్భశాస్త్రమునకు ఆద్యుడని శాస్త్రజ్ఞులు ఆయనను స్మరించుట కలదు. శాస్త్రవేత్తగా ఆయన స్థానమెట్టిదో తేల్చుట మా పని కాదు. ఆయన స్వంతకాగితములు ఏ విధముగా మిగిలినవి, వానిలో మిగిలినదేమి, మిగులనిదేమి, గద్వాల వనపర్తి నాగర్‌కర్నూలు ప్రాంతముల గృహస్థులు వానినుండి నేర్వవలసినదేమి అనునదియే మా విచారణ.

ముందుగా ఆ మనుష్యుని గూర్చి కొంత చెప్పవలెను. లాంబ్టన్ అను సేనాధికారి చెన్నపట్టణమున నారంభించి, భూమియొక్క వంపును కొలుచుటకై దక్షిణమునుండి ఉత్తరమునకు త్రికోణముల గొలుసును అల్లుకొనిపోయెను. దానికే మహాత్రికోణమితి సర్వే యని పేరు. ఆ గొలుసునకు వెన్నెముక వంటిది 78వ డిగ్రీ రేఖాంశము. పటమును విప్పి చూచినయెడల ఆ రేఖ గద్వాలకును వనపర్తికిని నడుమగా పోవుచుండుట కనబడును. 1811లో గుత్తియొద్దను, 1815లో బీదరు సమీపమునను ఆధారరేఖలను కొలిచిరి. ఈ రెంటి నడుమనున్నది మన కృష్ణాతీరమే. 1818లో సర్వే పెద్ద ప్రభుత్వముక్రిందికి మారినప్పుడు, దానికి వైద్యుడుగాను భూగర్భశాస్త్రజ్ఞుడుగాను వాయిసీ నియుక్తుడయ్యెను. హైదరాబాదు రాజ్యమున గ్రానైటు కొండలను, గోదావరి పరిసరములలోని నల్లఱాతి కొండలను, కడప బనగానపల్లె ప్రాంతముల వజ్రపుగనులను ఆయన చూచెను. హైదరాబాదు ప్రాంతమునకు భూగర్భపటమును సిద్ధపఱచెను. 1824లో నాగపురమునుండి కలకత్తాకు పోవుచు త్రోవలోనే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు నలువది యేండ్లు నిండలేదు.

చనిపోయినవాని పెట్టె యేమాయెను? ఇచ్చటనే మన విమర్శ మొదలగును. ఆయన వజ్రపుగనులను గూర్చి వ్రాసిన వ్యాసము, ఆయన మరణించిన మఱుసటి సంవత్సరమగు 1825లో, కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారి పరిశోధనల 15వ సంపుటమున వెలువడెను. దేశీయులు ఉక్కు చేయు విధమును గూర్చిన భాగమును వ్రాతప్రతులైన దినచర్యలనుండి తీసి 1832లో ఆ సంఘపు పత్రికలో అచ్చువేసిరి. హైదరాబాదు భూగర్భమును గూర్చి ప్రభుత్వమునకు పంపిన నివేదికలలో రెండవది 1833లో వచ్చెను. స్వంత దినచర్యనుండి ఏఱిన భాగములు 1850లో వచ్చినవి. అనగా మనిషి పోయిన ఎన్నో సంవత్సరములకు గాని ఆ కాగితములు లోకముఖము చూడలేదు; చూచినవియు తునుకలుగానే చూచినవి.

ఆ సంపాదకులను మేము ఒక విషయమున మెచ్చుకొందుము, ఒక విషయమున నిందింతుము. మెచ్చుకొనుట యేమన, అధికారపు నివేదిక చేతనుండగా దినచర్య యెందులకని వారు దానిని పారవేయలేదు. నిందించుట యేమన, వారు ఏఱుటయందు తమ కాలమునకు ముఖ్యమని తోచినదానినే ముఖ్యమనుకొనిరి. దినచర్యకు ప్రాణము క్రమము. నేడు చూచినదానిని రేపు సందేహించుట, ఎల్లుండి దిద్దుకొనుట అందలి రసము. తేదీలవరుసను తెంచి, ఉక్కును ఒక సంచికలోను, ఱాళ్లను ఇంకొక సంచికలోను పంచిపెట్టినప్పుడు మనకు దొరకునది సమాచారమే గాని మనస్సు కాదు. పైగా మన గ్రామముల పేర్లు విదేశీయుల చెవినుండి చేతికిని, చేతినుండి అచ్చుకూటమునకును పోవునప్పటికి గుర్తుపట్టరాని రూపములను తాల్చినవి. ఆ పేర్లను తిరిగి తెలుగుచేసి, ఏ గ్రామము ఏదియో తేల్చి, ఈ భాగములన్నిటిని తేదీలవరుసను కూర్చిన ప్రతి తెలుగున నుండవలసినది. ఆ పని కలకత్తా సంపాదకులవలన కాదు. ఆ త్రోవలు నడిచినవారివలన కావలెను.

ఇక అందలి వస్తువును చూతము. ఉక్కును గూర్చిన భాగము ముద్రితభాగములలో మిక్కిలి సజీవమైనది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునకు వాయిసీ పోయి, అచ్చటి మూసఉక్కు తయారగు విధమును కన్నులార చూచెను. రెండు తావులనుండి తెచ్చిన రెండు జాతుల యినుమును ఒక మూసలో చేర్చుట, మట్టిమూసలను సిద్ధము చేయుట, కొలిమిలో వానిని పేర్చి రేయింబవళ్లు తిత్తులూదుట, చల్లారిన పిదప ముద్దను పరీక్షించుట, ఇవన్నియు ఆయన వ్రాసికొనెను. ఆ ఉక్కును కొనుటకై పారసీక దేశపు ఇస్పహాను నగరమునుండి వచ్చిన వర్తకుడు అచ్చటనే కూర్చుండి సరకును తూచి కొనుచుండెననుటయు అందు కలదు. డమాస్కసు కత్తి యని లోకము కీర్తించిన దానికి మూలద్రవ్యము దక్షిణదేశపు కొలుములనుండి పోయినదని చరిత్రకారులు నేడు చెప్పుదురు. ఆ మాటకు కన్నులార చూచినవాని సాక్ష్యము ఇట్టి తునుకలలోనే యున్నది. ప్రభుత్వమునకు పంపిన నివేదికలో కొలిమిని వర్ణింపుమని ఎవరును ఆయనను కోరలేదు. తన తృప్తికొఱకు వ్రాసికొన్నది మనకు చరిత్రయైనది.

రెండవది గవ్వల సంగతి. నిర్మల పరిసరములలో నల్లఱాతి పొరల నడుమ చిక్కుకొన్న మంచినీటి నత్తగుల్లలను ఆయన కనుగొనెను. ఈ చిన్నవస్తువునుండి పుట్టిన ఆలోచన గొప్పది. ఆ నల్లఱాయి భూగర్భమునుండి ద్రవరూపమున పొంగి పఱచుకొన్నదని ఆయన తలచెను. అట్లయిన పొరకును పొరకును నడుమ చెఱువులు నిలిచి, నత్తలు పుట్టి పెరిగి చచ్చునంతటి కాలము గడచియుండవలెను. దక్కనుపీఠభూమిని కప్పిన ఆ లావా 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాటిదని నేటివారు లెక్కించుచున్నారు. ఆ సంఖ్య వాయిసీకి తెలియదు. కాని గవ్వను చూచి కాలమును ఊహింపవలెనను మార్గము ఆయనకు తెలిసెను. శాస్త్రమున సంఖ్యకంటె మార్గము ముందు పుట్టును.

మూడవది వజ్రపుగనులు. నల్లమలలకు చేరిన ఱాళ్లలో, గులకలు అతుకుకొని గట్టిపడిన ఒకానొక పొరయే వజ్రములకు నెలవని ఆయన నిర్ణయించెను. ఈ నిర్ణయము నిలువలేదు. వజ్రము భూమిలో మిక్కిలి లోతున పుట్టి, కింబర్లైటు మొదలగు ఱాతి గొట్టములద్వారా పైకి వచ్చునని తరువాతివారు కనుగొనిరి. అట్టి ఱాయి అనంతపురము వజ్రకరూరునందేగాక మన పొరుగున నారాయణపేట, మద్దూరు, కోటకొండ ప్రాంతములలోను బయటపడినది. బనగానపల్లె పొర ఆ వజ్రములు కొట్టుకొనివచ్చి చేరిన రెండవ తావు మాత్రమే. అయినను నిర్ణయము పోయినదని ఆయన కాగితములు పనికిరానివి కాలేదు. గోతులెట్లు త్రవ్వుదురో, మట్టినెట్లు కడుగుదురో, ఎండలో పఱచి యెట్లు వెదకుదురో వ్రాసినది అట్లే యున్నది. సిద్ధాంతము త్వరగా ముసలిదగును; చూపు ముసలిదికాదు.

ఆ గనులలో ఆయన వినిన ఒక నమ్మకమును ఆయన వ్రాసిపెట్టెను. ఆనాటి పనివారిలో పెక్కుమంది క్రొత్త గోతులు త్రవ్వక, పూర్వులు కడిగి పారవేసిన గుట్టలనే తిరిగి జల్లించుచుండిరి. ఎందుకనగా, పూర్వులు విలువలేదని విడిచిన చిన్నతునుకలు కాలక్రమమున పెరిగి పెద్దవజ్రములగునని వారి విశ్వాసము. వజ్రములు నేలలో నట్లు పెరుగవని మనకు తెలియును. అయినను ఒక విజ్ఞానియైన దొర దీనిని మూఢవిశ్వాసమని కొట్టివేయక దినములలెక్కలో చేర్చుకొనుట మాకు సంతోషము కలిగించినది. ఆ విశ్వాసము వజ్రములయెడ అసత్యమైనను కాగితములయెడ సత్యము. ఒక తరము విలువలేదని విడిచిన తునుక రెండు తరముల తరువాత నిజముగనే పెద్దదగును. కోనసముద్రపు కొలిమి ఆనాటి ప్రభుత్వమునకు తునుక. నేడు అది లోకచరిత్రలో నొక పుట.

ఇంతవఱకు మెచ్చినది చాలును. ఇక లోపములు. వాయిసీ ప్రధానదృష్టి ఱాతిమీదను లోహముమీదను గవ్వమీదను నిలిచినది. ఆ ఱాతిపై బ్రదుకు మనుష్యునిమీద అంతగా నిలువలేదు. 1819లో కృష్ణాగోదావరుల నడిమి అడవులలో ఆయనకును, తరువాత సర్వేకు అధిపతియైన ఎవరెస్టునకును విషజ్వరము వచ్చెను. పరివారమంతయు మంచమెక్కెను, కొందఱు మరణించిరి. మిగిలినవారిని హైదరాబాదునుండి పల్లకీలు, డోలీలు పంపి తెప్పింపవలసివచ్చెను. ఎవరెస్టు ఈ కథను తన గ్రంథమున చెప్పుకొనెను. ఆయన పేర పర్వతమొకటి నిలిచినది. వాయిసీ పేర శాస్త్రచరిత్రలో నొక పుట నిలిచినది. ఆ అడవిలో చచ్చిన లస్కరులు, బోయీలు, సామానులు మోసిన కూలీలు వ్రాసిన కాగితమేదియు మనకు లేదు. వారిలో ఎంతమందికి ఆ కొండలు, ఆ నీళ్లు, ఆ జ్వరమువచ్చు ఋతువు ముందే తెలియునో మనకు తెలియు మార్గము లేదు. దినచర్య యెంత నిజాయితీతో వ్రాసినను అది వ్రాయనేర్చినవాని దినచర్యయే.

ఈ లోపమునకు మందు కలదా యని విచారించుటకు మేమొక పరదేశపు ఉదాహరణమును చూపెదము. వాయిసీ నియుక్తుడైన 1818వ సంవత్సరమందే అమెరికాలో యేల్ కళాశాల ఆచార్యుడు సిలిమన్ విజ్ఞానశాస్త్రపత్రిక నొకదానిని స్థాపించెను; అది ఆ దేశమున నేటికిని నడచుచున్నది. ఆ పత్రికలో వ్రాసినవారిలో ఆమ్హర్‌స్టు కళాశాలయందు 1825నుండి ఆచార్యుడైన ఎడ్వర్డు హిచ్‌కాక్ యొకడు. కనెక్టికటు నదీలోయలోని పరుపుబండలపై పెద్దపెద్ద మూడువ్రేళ్ల జాడలుండుటను 1835లో జేమ్సు డీన్ అను వైద్యుడు ఆయనకు జాబుద్వారా తెలిపెను. హిచ్‌కాక్ వానిని పరీక్షించి, ప్రాచీనకాలపు మహాపక్షుల జాడలని మఱుసటి యేడు ప్రకటించెను. అవి డైనోసారుల జాడలని తరువాత తేలినది. జాడలను కనుగొనిన ఘనత యెవరిదని డీన్‌కును ఆయనకును తగవు నడచెను. ఆ తగవులో సత్యమును నేటివారు తూచగలుగుచున్నారన్నచో దానికి జాబులు మిగులుటయే కారణము.

హిచ్‌కాక్ కాగితములు ఆయన పనిచేసిన కళాశాలలోనే భద్రముగా నున్నవి. మేము ముఖ్యముగా గమనింపదగినదేమన, ఆ సంచయము ఆయన యొక్కనిపేర లేదు. ఎడ్వర్డు, ఓరా వైట్ హిచ్‌కాక్ అను దంపతుల యిరువురిపేరను ఉన్నది. ఓరా వైట్ 1821లో ఆయనను వివాహమాడెను. ఆయన తరగతిలో పాఠము చెప్పుటకై ఆమె పెద్దపెద్ద వస్త్రములపై భూమిపొరలను, శిలాజములను, పూర్వజంతువులను చిత్రించెను. ఆయన గ్రంథములకు బొమ్మలు వ్రాసెను. కుటుంబకాగితములను ఏఱి పారవేయక నిలిపినందున ఆచార్యుని పాఠములో ఆచార్యుని భార్య చేయి యెంతయో నేడు లోకమునకు తెలిసినది. గ్రంథములు మాత్రమే మిగిలియుండినచో ఆమె ముఖపత్రము వెనుక మాయమైయుండును. సంచయము న్యాయస్థానము వంటిది. అందు ఎవరి కాగితము చేరునో వారికే తీర్పు లభించును. స్త్రీల వ్రాతలను, పనివారి లెక్కలను చేర్చుకొనిన సంచయమే న్యాయమైనది.

ఇక మన యింటివైపు తిరుగుదము. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు పండితులను పోషించినవి. గద్వాలకు విద్వద్గద్వాల యని పేరే కలదు. నేడు గద్వాల కోటలో కళాశాల నడచుచున్నది. వనపర్తి రాజసౌధమున పాలిటెక్నికు నడచుచున్నది. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును జిల్లాకేంద్రములైనవి. ఇంతటి చరిత్రగల ప్రాంతమున కుటుంబకాగితములను తెచ్చియిచ్చిన తీసికొని, పేరు వ్రాసి, పురుగు పట్టకుండ కాచునట్టి గది ప్రతిజిల్లాకేంద్రమున నుండవలెనని కోరుట అత్యాశ కాదు.

ఇంతకు పూర్వము ఇట్టి ప్రయత్నము మనవారు చేయనిది కాదు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు, తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు 354 కవుల రచనలు చేరినవి. అవి ఆకాశమునుండి పడలేదు. గ్రామముల యిండ్లలోనుండి వచ్చినవి. ఆనాడు ఆయా యిండ్లవారు కాగితములను పొయ్యిలో వేసియుండినచో తెలంగాణమున కవులు లేరను నింద నేటికిని నిలిచియుండెడిది. ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకును రాజశాసనములకంటె ప్రజల తిండి, బట్ట, ఆటపాటలను గూర్చిన తునుకలే ప్రాణము. తునుకలను పెద్దచేసిన చేయి మన జిల్లాదే.

కవిత్వమునకు సంచిక వచ్చినది, భూమికి రాలేదు. మన మూడు జిల్లాల నేల విచిత్రమైనది. వనపర్తి వైపు గ్రానైటు గుట్టలు, వానిమధ్య ఎఱ్ఱ చల్కలు. గద్వాల ప్రాంతమున ఆ గ్రానైటుకంటె భిన్నమైన ప్రాచీన పచ్చఱాతి పట్టీ యొకటి కలదు. కృష్ణాతుంగభద్రల నడుమ నల్లరేగడి కలదు. నాగర్‌కర్నూలు దక్షిణభాగమున అమరాబాదు పీఠభూమియు నల్లమలయు లేచును; అచ్చట గ్రానైటుపై పలుగుఱాతి పొరలు పఱచియున్నవి. ఆ పొరలను గూర్చి భూగర్భశాఖకు చెందిన విలియం కింగు 1872లో విపులమైన గ్రంథమును ప్రకటించెను. పెద్ద పటములు, పెద్ద గ్రంథములు కలవు. కాని రైతునకు కావలసినది పెద్దపటము కాదు. తన చేనిలో ఎన్ని గజముల క్రింద ఏ ఱాయి యున్నదను చిన్న సంగతి.

గ్రానైటునేలలో నీరు ఇసుకలోవలె అంతటను నిండియుండదు. పైనున్న మొరములోను, క్రింది బండ పగుళ్లలోను మాత్రమే నిలుచును. గట్టిబండలో పగులు తగులనిచో ఎంత లోతు దింపినను బోరు ఎండినదే. అచ్చటచ్చట గ్రానైటును చీల్చుకొని నల్లఱాతి గోడలు నేలలో వరుసగా సాగిపోవును. అవి కొన్నియెడల భూగర్భజలమునకు కట్టవలె అడ్డునిలుచును. ఈ సంగతులను పుస్తకము చదువకయే ఎఱిగినవారు వడ్డెరలు. ఏ బావిలో మొరము ఎంత, బండ యెచ్చట తగిలినది, ఊట యే మూలనుండి వచ్చినది వారి జ్ఞాపకమున నుండెడిది. దేశమంతట ఆనకట్టలకు మట్టిమోసిన పాలమూరు కూలీలలో ఎందఱో ఇట్టి విద్య గలవారు. ఆ విద్య కాగితమునకెక్కలేదు. వారు పోయిన పిదప ఆ విద్యయు పోయినది. నేడు బోరుయంత్రము వచ్చినది. ఒక్క రాత్రిలో వందల అడుగులు దిగును. అప్పుచేసి ఒకటి, అది యెండిన మఱియొకటి, అదియు నెండిన ఇంకొకటి త్రవ్వించి చితికిన కుటుంబములు మన గ్రామములలో తక్కువ లేవు. కాని ఎండిన బోరు లోతెంతయో, ఎన్నవ అడుగున పొడి రంగు మారినదో వ్రాసియుంచిన యిల్లు ఎన్ని గలవు? ప్రక్కచేని రైతు అదే బండమీద మరల అదే నష్టమునకు సిద్ధపడుచున్నాడు. ఇదియే కాగితము లేనందువలన మనము చెల్లించు పన్ను.

వాయిసీ దినచర్య మనకు నేర్పు మొదటి పాఠమిదియే. ఆయన వ్రాసినది మహాకావ్యము కాదు. తేదీ, ఊరు, కన్నులకు కనబడినది, చెవికి వినబడినది. ఇంతమాత్రము ఎనిమిదవ తరగతి చదివిన బాలిక వ్రాయగలదు. తన యింటి బోరునకో బావికో ఒక పుస్తకమును తెఱచి, త్రవ్విన దినము, లోతు, తగిలిన ఱాయి, వేసవిలో నీటిమట్టము వ్రాసికొనుచు పోయినచో పది సంవత్సరములకు ఆ గ్రామమునకు భూగర్భగ్రంథము సిద్ధమగును.

దీనికి మూడు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది, పరప్రభుత్వపు సేవకుడు తన ప్రభువుల లాభమునకై చూచినదానిని మనమేల ఆదరింపవలెనని. సత్యమే, సర్వే ఆ ప్రభుత్వపు అధికారమునకు సాధనమైనది. కాని ఆదరించుట వేఱు, ఉపయోగించుకొనుట వేఱు. కాలిన్ మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రలును అట్టి సేవలోనే పుట్టినవి. వానిని నిజముగ సేకరించినవారు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుగువారు. 1821లో మెకంజీ చనిపోగా ఆ సంచయమునకు ప్రభుత్వము ఆయన భార్యకు లక్షరూపాయలిచ్చెను. నేడు మన గ్రామచరిత్రలు వ్రాయువారు ఆ కైఫీయతులను వెదకక తప్పదు. చూచినవాని యుద్దేశము అతనితో పోయినది. చూపు మనకు మిగిలినది.

రెండవ ఆక్షేపణ యింటిగుట్టును గూర్చినది. కుటుంబపు జాబులలో కలహములు, అప్పులు, వ్యాధులు ఉండును. వానిని పరులచేతికిచ్చుట మర్యాదయా యని. ఈ సంకోచమును మేము తేలికగా చూడము. బ్రదికియున్నవారికి బాధ కలిగించునట్టివానిని మూసియుంచవలెను. ఇన్ని సంవత్సరములవఱకు తెఱవరాదని షరతు వ్రాసి యిచ్చు పద్ధతి లోకమంతట కలదు. మూసియుంచిన కాగితమును ఎప్పుడైన తెఱవవచ్చును. కాల్చిన కాగితమును తెఱచుటకు ఎవరి వశమునను కాదు. ముఖ్యముగా విధవలైన స్త్రీల జాబులను, బాల్యవివాహముల నాటి లెక్కలను గుట్టు పేరిట నశింపజేసినచో, ఆ దురాచారముల బరువు ఎంతయో మన మనుమలకు తెలియదు. తెలియని తప్పును తిరిగి చేయుట సులభము.

మూడవది, వ్రాయనేరని బీదవారి సంగతియేమని. ఈ ఆక్షేపణ అన్నిటికంటె బలమైనది. మేము పైన చూపిన లోపమే యిది. వ్రాయనేర్చినవారు వ్రాయనేరనివారి మాటను, వారి పేరుతో, వ్రాసిపెట్టుటయే దీనికి మార్గము. వడ్డెర వృద్ధుడు చెప్పిన బావిసంగతిని విద్యార్థి వ్రాసినప్పుడు పుటపై వృద్ధుని పేరు ముందుండవలెను. నల్లమల చెంచులకు తెలిసిన ఊటలను, దొనలను వ్రాసినప్పుడు చెప్పినవారి సమ్మతిని గైకొనవలెను. అట్లు చేసిన వాయిసీకంటె మన కాగితములు మంచివగును.

పుస్తకములు అచ్చగుటవలననే జ్ఞానము నిలుచునను భ్రమను మనము విడువవలెను. అచ్చయినది కొంత, అచ్చుకు ముందు నశించినది కొండంత. శ్రీశైలము ఆనకట్ట వెనుక నీరు నిలిచినప్పుడు కృష్ణాతీరపు గ్రామములనేకము మునిగినవి. కొన్ని ఆలయములను ఱాయి ఱాయిగా విప్పి మెట్టకు తరలించి మరల నిలిపిరి. ఱాతికి మనవారు చూపిన ఆ శ్రద్ధ మెచ్చదగినది. కాగితమునకును అంతటి శ్రద్ధ చూపినచో ఖర్చు అందులో వేయవవంతైనను కాదు. ఒక ఇనుపపెట్టె, ఎండిన వేపాకు, పైన వ్రాసిన పేరును తేదీయు. గృహస్థు చేయవలసిన ఆరంభమింతే. ఇల్లాండ్రు ఈ పనికి పూనుకొందురేని పురుషులకంటె బాగుగా చేయుదురని మా విశ్వాసము. ఇంటిలో ఏ పెట్టెలో ఏమున్నదో వారికే తెలియును. ఏది పొయ్యిలోకి పోవలెనో ఏది పోరాదో నిర్ణయించు చేయియు వారిదే.

అటుకపైనున్న పెట్టెను దింపిన దినమున అందు వజ్రములుండునని మేము ఆశపెట్టము. కొన్ని జాబులు, ఒక లెక్కల పుస్తకము, పురుగు తిన్న జాతకము, ఎవరో త్రవ్వించిన బావికి ఇచ్చిన కూలిపట్టీ ఉండవచ్చును. బనగానపల్లె పనివారు పూర్వులు విడిచిన గుట్టను మరల జల్లించినట్లు, ఆ తునుకలను మన మనుమలు మరల జల్లింతురు. వారికి గుట్టయైనను మిగిల్చి పోవుట మన ధర్మము.